కరెంటు చుట్ట

మా అమ్మ మసేనమ్మ చుట్ట కాలిస్తే నిప్పు బయటికి కనపడదు. మండే కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తుంది. దాన్ని మావైపు అడ్డపొగ అంటారు. కొత్తవాళ్ళు చూస్తే నాలుక కాలిపోదా అని హడలిపోతారు. కాలదు, అదొక విద్య. ఉత్తరాంధ్ర ఒడ్డున మా జాలరి పల్లెల్లో తల్లి నుంచి కూతురికి వస్తూ ఉండేది. నేను నర్సు చదువు చదివాను కాబట్టి మా ఇంట్లో నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఎందుకలా కాలుస్తారని అడిగితే ఊళ్ళో తలొక మాట చెబుతారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అని ఒకరు, బూడిద చంటిపిల్ల మీద పడకుండా అని ఒకరు. నన్నడిగితే చేతుల కోసం అంటాను. సిగరెట్టు తాగే మగవాడికి రెండు వేళ్ళు దానికే కావాలి. పని ఆపి, గోడకు ఆనుకుని, ఏదో లోకాలు ఏలుతున్నవాడిలా తాగుతాడు. అడ్డపొగ తాగే ఆడదానికి రెండు చేతులూ ఖాళీ. వల బాగుచేస్తుంది, చేపలు ఎండబెడుతుంది, బేరమాడుతుంది, పిల్లకు నీళ్ళు పోస్తుంది. నోట్లో నిప్పు దాని మానాన అది మండుతూ ఉంటుంది.

మా అమ్మ అలాగే నన్నూ, నా తమ్ముడు పోలరాజునీ పెంచింది. మా నాన్న మాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. పోలరాజు పెద్దవాడై పడవెక్కాడు. తుపాను తగ్గిపోయిందని అందరూ అనుకున్న పొద్దున వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి అమ్మ రోజూ తెల్లారగానే ఒడ్డుకు వెళ్ళి, చుట్ట నోట్లోనే పెట్టుకుని, సముద్రాన్ని పక్కింటావిడను తిట్టినట్టు తిట్టేది.

"ఒలే గంగమ్మా! నా గుంటడ్ని తీస్కెల్లి ఏటి బావుకున్నావే? నీకు కడుపు నిండిందేటే?"

తిట్టడం అయ్యాక ఇంటికొచ్చి గంజి తాగేది. నేను బస్సెక్కి విశాఖలో పనికి వెళ్ళేదాన్ని. మా ఇద్దరికీ అదే బతుకు.

ఒక రోజు అమ్మ పచ్చడి నాలుకకు తగలగానే అబ్బా అంది. కారానికి అబ్బా అనే మనిషి కాదు. బలవంతంగా నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. అంగిట్లో తెల్లని మచ్చ, దాని మధ్య ఎర్రగా పుండు. ముక్క తీసి పరీక్ష చేయిస్తే, క్యాన్సరు ఇంకా పుట్టలేదు, పుట్టడానికి సిద్ధంగా ఉంది అన్నారు. చుట్ట పూర్తిగా మానేస్తే మచ్చ వెనక్కి తగ్గవచ్చు, మానకపోతే తగ్గే దారి లేదు.

"మానీడం ఎంత సేపే పైడీ," అంది అమ్మ. "ఇయ్యాల మానీసి రేపు ఎలిగిత్తాను."

అన్నంత పనీ చేసింది. నికోటిన్ బిళ్ళలు ఇస్తే నమిలి కోళ్ళకు వేసింది. జబ్బకు అంటించే పట్టీ ఇస్తే అది పెట్టుకుని, దాని మీద చుట్ట కాల్చింది. మా పరిశోధనశాలలో ఉన్న మామూలు ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఇస్తే ఒక్కసారి పీల్చి మొహం చిట్లించింది. "సల్లటి పొగేటే, సచ్చిన సేపలాగ!" అంది.

నేను పనిచేసే చోట జరిగేది సరిగ్గా ఆ పరిశోధనే. సిగరెట్టు మానడానికి ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఎంతవరకు పనికొస్తుందన్నది ప్రశ్న. దుకాణాల్లో అమ్మకూడదని చట్టం ఉన్నా ప్రయోగానికి అనుమతి ఉంది. ఫలితాలు ఎప్పుడూ ఒకేలా వచ్చేవి. కొందరు నిజంగా మానేసేవారు. కొందరు ఇదీ అదీ రెండూ తాగేవారు. మిగతావాళ్ళు సిగరెట్టు మాని దీనికి అతుక్కుపోయేవారు, పొయ్యిలోంచి పెనం మీద పడ్డట్టు. మా డాక్టర్ కుముదిని మేడమ్‌కు పెనం కూడా ఇష్టం లేదు.

"ఒంటికి నికోటిన్‌ని మర్చిపోవడానికి ఎంతో కాలం పట్టదు పైడితల్లీ," అనేది ఆవిడ. "మనసే మర్చిపోదు. టీ తాగితే గుర్తొస్తుంది, వాన పడితే గుర్తొస్తుంది. ఆ ముడి విప్పకుండా ఏ మందిచ్చినా దండగ."

ముడి విప్పే గొట్టం ఆవిడే తయారు చేసింది. చూడటానికి ఎలక్ట్రానిక్ సిగరెట్టే. లోపల ఒక చిన్న తీగ నాలుక నాడిని కనిపెట్టి కోరిక ఎప్పుడు లేస్తోందో పసిగడుతుంది. కోరిక లేచిన క్షణంలో ఆ ముడి కాస్త వదులవుతుందట. అది మళ్ళీ బిగుసుకునేలోగా ఆవిరితో పాటు ఒక మందుచుక్క లోపలికి పోతుంది. ఇక బిగుసుకోదు.

మొదటి విజయం ఆర్టీసీ డ్రైవరు సింహాచలం. అతని ముందు వేడి టీ పెట్టగానే కోరికను కొలిచే తెర మీద గీత కొండలా లేచేది. గొట్టం పీల్చేవాడు. కొన్ని వారాలు గడిచాక ఒక రోజు టీ తెచ్చి పెట్టాం. గీత కదల్లేదు. అతను టీ తాగేసి, మీసం తుడుచుకుని, "అయితే మేడమ్, ఇంకెప్పుడు మొదలెడతారు?" అన్నాడు. మేమంతా నవ్వాం. టీ మీద ఇష్టం ఎక్కడికీ పోలేదు, సిగరెట్టు మీద ఇష్టమే పోయింది. ఆ రోజే నేను మేడమ్ దగ్గరికి వెళ్ళి మా అమ్మ సంగతి చెప్పాను.

అమ్మ వచ్చింది. కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. చివర దీపం వెలిగే కొసను నోట్లో పెట్టుకుంది. అలా కాదు, అటువైపు అని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి తిరిగి అటే పోయేది.

"నిప్పు నోపలుండాల డాకటరమ్మా," అంది అమ్మ ఓపిగ్గా, బడిపిల్లకు చెప్పినట్టు.

మేడమ్ నవ్వి, మా వర్క్‌షాపు వాళ్ళ చేత అమ్మ కోసం వేరే గొట్టం చేయించింది. అందులో నోట్లో ఉండే కొస గోరువెచ్చగా ఉంటుంది, అంగిలి కాలదు. తీగ కూడా ఆ కొసకే వచ్చింది. అమ్మ దాన్ని పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మూసుకున్న నోట్లోంచే, "ఇది సుట్టే," అంది. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి.

"అమ్మా, మీకు చుట్ట మీదికి మనసు ఎప్పుడు పోతుంది? టీ తాగాకా? భోజనం అయ్యాకా?" అని అడిగింది మేడమ్.

"ఎప్పుడంటే? ఎప్పుడూ."

అంటే బాగా ఎక్కువ కాలుస్తుందన్నమాట అనుకుంది మేడమ్. నేనూ అంతే అనుకున్నాను. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

అమ్మ చుట్టలు తగ్గడం మొదలైంది. ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని చూడటానికి వచ్చేవారు. "మసేనమ్మత్త కరెంటు సుట్ట కాలుత్తంది, బిల్లెవులు కడతారే?" అని వేళాకోళం చేసేవారు. అమ్మ పట్టించుకునేది కాదు. కరెంటు చుట్ట నోట్లో పెట్టుకునే వల అల్లేది, చేపల గంప నెత్తిన పెట్టుకునేది, అన్నం వార్చేది. పడుకునేటప్పుడు తప్ప అది నోటినుంచి దిగేది కాదు. చెప్పినట్టు వాడుతోందని నేను మురిసిపోయాను. మచ్చ చుట్టూ ఎరుపు తగ్గింది.

మొదట మారింది బేరం. మా అమ్మ బేరం అంటే ఒక జాతర. కొనేవాడి తాత దగ్గర మొదలుపెట్టి, చేప కన్ను దాకా వచ్చి, గంప ఎత్తి వెళ్ళిపోతున్నట్టు నటించి, మళ్ళీ దించేది. అలాంటిది ఒక రోజు ఎవడో సగం ధర చెబితే ఇచ్చేసింది. కొన్నవాడే బిత్తరపోయాడు. "ఒంట్లో బాగోలేదేటి అత్తా?" అని అడిగాడు. అమ్మ బాగానే ఉన్నానంది. నిజంగానే బాగుంది.

తర్వాత ఒక తెల్లవారుజామున నేను నీళ్ళు పట్టుకుంటూ చూస్తే అమ్మ అరుగు మీద కూర్చుని కవ్వళ్ళ చేపలు బాగుచేస్తోంది. ఒడ్డుకు వెళ్ళలేదు.

"ఇయ్యాల గంగమ్మని తిట్టవేటే?" అన్నాను.

"ఆడు పోనాడు కదే. తిడితే వత్తాడేటి?"

ఆ మాటలో తప్పేముంది? అందరూ ఆవిడకు ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చిన మాటే. బాధ తగ్గింది, మంచిదే అన్నారు ఇరుగుపొరుగు. నేనూ మంచిదే అనుకోవాలని చూశాను. కానీ ఆ వారంలోనే వంటింట్లోకి వెళితే చేపల కత్తి పక్కన ఒక నీలం గుడ్డ కనపడింది. జిగురూ, పొలుసూ అంటుకుని ఉంది. బొత్తాములు చూశాక గుర్తుపట్టాను. పోలరాజు చొక్కా. వాడి చెమట వాసన పోతుందని అమ్మ ఎవర్నీ ఉతకనివ్వని చొక్కా. నేనొకసారి సబ్బు నీళ్ళలో వేయబోతే నా చెయ్యి విరిచినంత పని చేసింది.

"అమ్మా, ఇదేటే!"

"పాత గుడ్డ. కత్తి తుడుచుకోడానికి మెత్తగా ఉన్నాది."

"తమ్ముడి సొక్కా ఇది."

"ఎరుగుదునే. పోలరాజుదే. ఆడు నేడు కదా మరి, ఎవులు తొడుక్కుంతారు?"

ఆవిడ మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. వాడి పేరు తెలుసు, ఎప్పుడు పోయాడో తెలుసు, ఏ పడవో కూడా తెలుసు. పక్క ఊరి కుర్రాడి గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ చొక్కా తీసుకుని గుండెకు అదుముకుని అక్కడే కూలబడ్డాను. అమ్మ నన్ను కాసేపు చూసి, కరెంటు చుట్ట నోట్లో సర్దుకుని, మళ్ళీ చేప కోయసాగింది.

మర్నాడే ఆవిణ్ణి మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. చెప్పిందంతా విని మేడమ్ అమ్మకు గొట్టం పెట్టి తెర ముందు కూర్చోబెట్టింది. ఒక్కొక్క మాటే మెల్లగా పలికింది. చుట్ట అన్నప్పుడు గీత సగం లేచింది. వల అంటే లేవలేదు. సముద్రం అంటే లేవలేదు. పోలరాజు అంటే అసలు కదల్లేదు, గోడకు చెప్పినట్టుంది. చివరికి పైడితల్లి అంది. గీత లేచింది. కానీ మొదటి రోజు నేను పక్కనుండగా లేచినంత ఎత్తు లేదు.

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "సింహాచలం బస్సు ఆపి సిగరెట్టు తాగేవాడు," అంది. "అతని ముడులన్నీ ఆ కాసేపటికే. మీ అమ్మ ఏదీ ఆపలేదు. ఏ పని చేసినా, ఎవరిని తల్చుకున్నా నోట్లో అది ఉంది. చుట్ట మీద కోరికా, కొడుకు మీద ప్రేమా ఒకే ముడిలో పడ్డాయి. ఏది ఏదో ఈ గొట్టానికి తెలియదు. రెండూ విప్పేసింది. ఆవిడ ఎప్పుడూ అని చెప్పినప్పుడే నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది."

"పోయింది మళ్ళీ వస్తుందా మేడమ్?"

"రాదు."

"ఇప్పుడు ఆపేస్తే?"

"ఉన్నవి మిగులుతాయి. కానీ చుట్ట మీద కోరిక ఇంకా సగం ఉంది. మళ్ళీ మొదలెడుతుంది. మచ్చ ఈసారి ఆగదు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నేనైతే ఆపేద్దామనే అంటాను పైడితల్లీ. కానీ ఆవిడ నాకు అమ్మ కాదు కదా, నీకు అమ్మ."

మేం మెల్లగానే మాట్లాడుకున్నాం. అమ్మవి మాత్రం పాము చెవులు. అంతా వింది.

మా స్టాపులో బస్సు దిగాక అమ్మ ఇంటివైపు కాకుండా ఇసుకలోకి నడిచింది. పొద్దు వాలుతోంది. ఒడ్డుకు లాగిన పడవ మీద కూర్చుని, కరెంటు చుట్టను పక్కన పెట్టి, రొంటిన దాచుకున్న అసలు చుట్ట తీసి వెలిగించింది. నిప్పు లోపలికి పోయింది.

"ఆడి పేరు సెప్తే నాకేటీ అవడం నేదే పైడీ," అంది. "దొంగలు పడ్డ ఇంట్లో నిలబడ్డట్టుంది. ఇక్కడేదో ఉండీదని తెలస్తంది, ఏటుండీదో తెల్డం నేదు. ఏడవాలనున్నాది, ఏడుపు రాదు. కన్న కొడుకే!"

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఇంక ఆ కరెంటు దాన్ని నాను ముట్టను. ఆణ్ణి ఎలాగూ పట్టుకుపోనాది. నిన్ను పట్టుకుపోనివ్వను."

"మరి మచ్చో?"

"వత్తాది. రానీ. ఎవులుండిపోతారే ఈ నేల మీద?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఎంత తేలిగ్గా అందో! అంగిట్లో క్యాన్సరు వచ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. నీళ్ళు మింగితే ముక్కులోంచి వచ్చేవాళ్ళను, ఆకలేస్తున్నా గంజి చూసి ఏడ్చేవాళ్ళను చూశాను. వాళ్ళకు కట్టు మార్చింది ఈ చేతులే. అదంతా ఆవిడ మొహం మీద అరిచి చెప్పాను.

"తమ్ముడు పోనాడు. శవం కూడా దొరకనేదు. నువ్వూ పోతే నాకెవులున్నారే? నన్ను ముద్దు సెయ్యకు, నా కోసం ఎదురు సూడకు. నా మీద నీకేటీ అనిపించకపోయినా పర్నేదు. ఉండు. కళ్ళెదురుగా ఉండు, సాలు."

అమ్మ నా వైపు తిరిగింది.

"నానుంటే సాలా?"

"సాలు."

"నిన్ను సూత్తే నాకేటీ అవకపోయినా?"

"అవకపోయినా."

"ఎర్రి గుంటా," అంది. నా బుగ్గ గట్టిగా గిల్లింది, చిన్నప్పుడు కూడా అంత గట్టిగా గిల్లలేదు. నోట్లోంచి చుట్ట తీసి తడి ఇసుకలో గుచ్చేసింది. కరెంటు చుట్టను చీర చెంగుతో తుడిచి చేతిలోకి తీసుకుంది.

నా మీద ప్రేమ లేకపోతే ఆవిడ ఒప్పుకునేది కాదు. ఉంది కాబట్టే, ఆ ప్రేమను పోగొట్టుకోవడానికి ఒప్పుకుంది. అది ఆ పడవ మీద కూర్చున్న ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. దేన్ని తల్చుకుంటూ పీలిస్తే అదే పోతుందని అర్థమైంది కదా, నేను ఎదురుగా ఉండగా కరెంటు చుట్ట ముట్టేది కాదు. నేను బస్సెక్కాక పెట్టుకునేది. ఆదివారం ఇంట్లో ఉంటే ఇంటి వెనక చేపలు ఎండేసే తాళ్ళ చాటుకు పోయి, గోడ వైపు తిరిగి పీల్చేది. నేను అటు వస్తుంటే, "రాకే, రాకే! పో అవతలికి!" అని కేకలేసేది. మా పక్కింటామె, తల్లీకూతుళ్ళు పోట్లాడుకున్నారనుకుంది.

"పీల్చినప్పుడు ఏటి తల్చుకుంతావే?" అని అడిగాను ఒకసారి.

"ఏటేటో. గోడ, మేక, మునసబు గారి మీసం. నిన్ను మాత్రం తల్చుకోను. పైడిని తల్చుకోకూడదు, పైడిని తల్చుకోకూడదు అనుకుంటానే పీలుత్తాను."

నేను బావి దగ్గరికి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. తల్చుకోకూడదు అనుకోవడం కూడా తల్చుకోవడమేనని ఆ పిచ్చితల్లికి నేనెలా చెప్పను? చెబితే మానేస్తుంది. మానేస్తే పోతుంది. చెప్పలేదు.

అలా ఎన్నాళ్ళో సాగలేదు. ఒక ఆదివారం పొద్దున్న నేను తల దువ్వుకుంటున్నాను. అమ్మ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కరెంటు చుట్ట నోట్లో పెట్టుకుని, నా మొహంలోకే చూస్తూ, నిదానంగా పీల్చింది. చాటుకు పోలేదు. నన్ను పొమ్మనలేదు.

దువ్వెన నా చేతిలో అలాగే ఉండిపోయింది.

మచ్చ పోయింది. మేడమ్ రెండుసార్లు ముక్క తీసి పరీక్ష చేయించింది. అంగిలి శుభ్రంగా, గులాబి రంగులో ఉంది. తెర ముందు కూర్చోబెట్టి చుట్ట అంటే గీత కదల్లేదు. పైడితల్లి అనడానికి మేడమ్‌కు నోరు రాలేదు. గొట్టం తీసేసి, అమ్మ పాదాలకు దండం పెట్టింది. అమ్మ కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

అమ్మ బయట బెంచీ మీద కూర్చున్నాక మేడమ్ నాతో అంది, "చుట్ట పూర్తిగా మానేసింది, జబ్బు రాకుండా ఆగింది. దీన్ని విజయం అనే రాయాలి. ఏం రాయమంటావు చెప్పు."

"విజయమనే రాయండి మేడమ్. అబద్ధం కాదు కదా. దాని కింద మిగతాది కూడా రాయండి."

రాసింది. అడ్డపొగ తాగేవాళ్ళకు ఆ గొట్టం ఇవ్వకూడదని కూడా రాసింది. సింహాచలం లాంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ వస్తున్నారు, మానుతున్నారు, స్వీట్లు పంచి వెళుతున్నారు. వాళ్ళను చూస్తే నాకు కోపం రాదు. మా ఊరి ఆడవాళ్ళు అమ్మ నోరు చూసి, మాకూ ఇప్పించవే పైడీ అని వెంటపడతారు. వాళ్ళకు జవాబు చెప్పలేక తప్పించుకు తిరుగుతున్నాను.

నువ్వు చేసింది తప్పా ఒప్పా అని నన్నెవరూ అడగొద్దు. ఆవిడ ఉంది. పొద్దున్న లేస్తే గిన్నెల చప్పుడు వినపడుతుంది. అన్నం వండుతుంది, పెడుతుంది, తిన్నావా అని అడుగుతుంది. అడగాలని తెలుసు కాబట్టి అడుగుతుంది. నేను ఆలస్యంగా వస్తే మాత్రం గుమ్మంలో ఎవరూ ఉండరు. పోలరాజు కోసం ఏడ్చేది ఇప్పుడు ఊళ్ళో నేనొక్కదాన్నే. నా కోసం ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు.

అంగిలి బాగైందని చెప్పిన ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నావల్ల కాలేదు. అరుగు మీద కూలబడి బావురుమన్నాను. ఎందుకేడుస్తున్నానో చెప్పడానికి కూడా మనిషి లేదు. అమ్మ లోపలినుంచి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. ఆవిడకు తెలివి ఎక్కడికీ పోలేదు. నేను కూతుర్నని తెలుసు, కూతురేడిస్తే తల్లి ఏదో ఒకటి చెయ్యాలని కూడా తెలుసు.

"పైడీ," అంది. "నువ్విలగేడిత్తే ఇదివరకు నానేటి సేసీదాన్నే?"

ముక్కు తుడుచుకుని చెప్పాను. "ఏటీ సేసీదానివి కాదు. ఇక్కడ కూకుని, నా తల నీ ఒళ్ళో పెట్టుకుని పేలు సూసీదానివి."

అమ్మ వచ్చి కూర్చుంది. కాళ్ళు చాపి, చీర సర్దుకుని, రా అన్నట్టు తొడ మీద తట్టింది. నేను తల పెట్టాను. జడ విప్పింది. వేళ్ళు పాయ పాయా విడదీసుకుంటూ వెళ్ళాయి, ఎంతో శ్రద్ధగా, వలలో తెగిన దారం వెతికినట్టు.

"ఇలగేనా?"

"ఇలగే."

చెవుల వెనక చూసింది. మెడ మీద చూసింది. తలంతా ఒకసారి అయిపోయింది.

"నేవే పైడీ," అంది నిజాయితీగా, చేతులు తీసేయబోతూ. "ఒక్కటీ నేదు."

"ఉంతాయే అమ్మా," అన్నాను కళ్ళు మూసుకుని. "ఇంకొంచెంసేపు సూడు."